ఉల్రికా వదినను గెస్టు అన్న క్లబ్బు

మా ఉల్రికా వదిన పేరెత్తగానే మావాళ్ళంతా "అమ్మో, ఆవిడకి కోపమెక్కువ" అంటారు. ఎక్కువే. ఎందుకుండకూడదో ఒక్కరిని చెప్పమనండి.

ఆవిడది స్వీడన్‌లో ఓ చిన్న ఊరు. నాన్న కలప మిల్లులో పనిచేసేవాడు. సగం ఏడాది మంచులో ఉండే ఆ ఊళ్ళో, మిల్లు వెనక షెడ్డులో పాత వల కట్టుకుని, దానికేసి బంతులు కొడుతూ గోల్ఫ్ నేర్చుకుంది. ఇరవై నిండకుండానే ప్రొఫెషనల్ అయింది. పదమూడేళ్ళు యూరప్ అంతా తిరిగి ఆడింది, రెండు టోర్నమెంట్లు గెలిచింది. టీవీలో కనపడే రకం కాదు. చవక హోటళ్ళలో ఇంకో ఆటగత్తెతో గది పంచుకుని, తన బ్యాగ్ తనే మోసుకునే రకం. 2008లో ఎడమ మణికట్టు పాడైంది. ఆపరేషన్‌కి ఎడిన్‌బర్గ్ వచ్చినప్పుడు, ఆ ఆస్పత్రిలోనే డాక్టరుగా ఉన్న మా అన్నయ్య సుహాస్ క్యాంటీన్‌లో పరిచయమయ్యాడు. చెయ్యి మళ్ళీ పూర్తిగా తిరగలేదు. మరుసటేడు పోటీలు మానేసింది, ఆపై ఏడాది అన్నయ్యని పెళ్ళి చేసుకుంది.

నేను అక్కడే మాస్టర్స్ చేస్తూ వాళ్ళ ఫ్లాట్‌లో ఉండేదాన్ని. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ ఆ పేరు నోరు తిరగక "రాధికా" అని పిలిచేది. వదిన ప్రతిసారీ "ఉల్రికా" అని సరిదిద్దేది. "పెద్దదాన్ని పిలిస్తే పలకకూడదూ?" అని అమ్మ మూతి ముడిచేది. చివరికి అమ్మే దారికొచ్చింది.

పోటీలు మానినా ఆవిడ మామూలుగా ఆడగలదు. ఎడిన్‌బర్గ్‌కి తూర్పున, సముద్రం ఒడ్డున పాత గోల్ఫ్ క్లబ్బు ఒకటుంది. అందులో ఆడవాళ్ళకి సభ్యత్వం లేదు. ఎవరైనా మెంబరు వెంటబెట్టుకొస్తే గెస్టుగా ఆడుకోవచ్చు, అంతే. అన్నయ్యకి గోల్ఫు కర్ర ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. అయినా ఆస్పత్రిలో తన పై డాక్టరు, కన్సల్టెంట్ ఒకాయన మాటసాయం చేస్తే ఇట్టే మెంబరైపోయాడు.

"నీకోసమే తీసుకున్నాను. ఇద్దరం కలిసి ఆడుకోవచ్చు" అన్నాడు.

వదిన నవ్వలేదు. "అంటే నీ గొడుగుతోపాటు నన్నూ లోపలికి రానిస్తారన్నమాట" అంది.

2012 వేసవిలో ఓ శనివారం వాళ్ళతోపాటు నేనూ నడుస్తున్నాను. ఆట మధ్యలో అన్నయ్యకి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. డ్యూటీకి రావాల్సినవాళ్ళెవరో రాలేదట. "మీరు కానివ్వండి" అని వెళ్ళిపోయాడు. కాసేపటికే క్లబ్బు సెక్రటరీ బ్యాటరీ బగ్గీలో వచ్చాడు.

"డాక్టర్ గారేరీ?"

"ఆస్పత్రికెళ్ళారు" అంది వదిన.

"అయితే మీ ఆట అయిపోయినట్టే మేడమ్. మెంబరు లేకుండా గెస్టు ఆడకూడదు."

"బంతి గుంత పక్కనే ఉంది. అది వేసేసి వస్తాను."

"క్షమించాలి" అంటూ అతనే వంగి, గడ్డి మీదున్న బంతి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. చిన్నపిల్ల దగ్గర అగ్గిపెట్టె తీసేసినట్టు! వెనక తమ వంతు కోసం ఆగిన మగవాళ్ళు చూస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన అంతకు ముందువారమే, దెబ్బ ఎందుకు పక్కకి పోతోందో చెప్పమని వదిన చుట్టూ తిరిగాడు. ఆయన సముద్రం కేసి చూస్తూ నిలబడ్డాడు.

బగ్గీ ఎక్కమన్నాడు సెక్రటరీ. వదిన ఎక్కలేదు. బ్యాగ్ భుజాన వేసుకుని గేటు దాకా నడిచింది. నేను వెనకే ఏడుస్తూ నడిచాను, ఒళ్ళు మండి.

సాయంత్రం అన్నయ్య తాపీగా, "అది రూలు. ఆయన తప్పేముంది?" అన్నాడు.

"నా బంతి తీశాడు, సుహాస్."

"సారీ చెప్పమంటాలే."

"సారీ ఎవడిక్కావాలి? నువ్వు ఆ మెంబర్‌షిప్ వదిలెయ్."

"నన్ను ప్రపోజ్ చేసింది మా కన్సల్టెంట్. రేపు ఆయన మొహం ఎలా చూడను?"

"నా మొహం చూడగలుగుతున్నావుగా!"

 అయినా మెంబర్‌షిప్ వదల్లేదు అన్నయ్య. నాకు సెక్రటరీ కంటే వీడిమీదే ఎక్కువ మండింది. వాడెవడో బయటివాడు. ఆ చేతినొప్పితో ఆవిడ ఎన్నాళ్ళు బాధపడిందో వీడికి తెలుసుగా!

వదిన మళ్ళీ ఆ క్లబ్బు గడప తొక్కలేదు. గడ్డి సరిగా కొయ్యని, కుక్కలు తిరిగే, మునిసిపల్ కౌన్సిల్ వాళ్ళ గోల్ఫ్ కోర్సులో ఆడపిల్లలకి నేర్పడం మొదలెట్టింది. బస్సు డ్రైవర్ల పిల్లలు, ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు స్కూలయ్యాక వచ్చేవాళ్ళు. "సారీ ఎందుకు? తప్పితే తప్పింది, మళ్ళీ కొట్టు!" అని అరిచేది. వెనకనుంచి ఏ పెద్దమనిషైనా పిల్లల్ని పక్కకి తప్పుకోమంటే, "వాళ్ళు ముందొచ్చారు. మీరాగండి" అనేది.

2017లో, పేపర్లు దుమ్మెత్తిపోస్తే, క్లబ్బువాళ్ళు ఓటింగ్ పెట్టి ఆడవాళ్ళని చేర్చుకుంటామన్నారు. క్లబ్బుకి పెద్ద, కెప్టెన్, స్వయంగా ఫ్లాట్‌కొచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"మా తొలి మహిళా మెంబరు మీరే కావాలి. పేపరువాళ్ళని పిలిచి ఫోటో తీయిద్దాం" అన్నాడు.

"నా పిల్లల్ని వారానికో పూట మీ కోర్సులో ఆడనిస్తారా?" అంది వదిన.

"అది కమిటీలో పెట్టాలి. మెంబర్ల పిల్లలే ఇంకా వెయిటింగ్‌లో ఉన్నారు. ముందు మీతో మొదలుపెడదాం."

"అంటే ఫోటోకి నేను పనికొస్తాను. ఆటకి వాళ్ళు పనికిరారు."

"మీరింత కోపంగా తీసుకుంటారనుకోలేదు..."

"ఆటమధ్యలో నన్ను గెంటినప్పుడూ మీరలా అనుకోలేదు" అంటూ లేచి తలుపు తీసి పట్టుకుంది. ఆయన టీ కప్పు అలాగే వదిలేసి పోయాడు.

ఆ వారమే అన్నయ్య రాజీనామా చేశాడు. మెచ్చుకుంటుందేమోనని వచ్చి చెప్పాడు. "మంచిది" అంది వదిన. "కానీ అడిగినప్పుడు చెయ్యలేదు. అది నేను మర్చిపోను." మర్చిపోలేదు కూడా. కలిసే ఉన్నారు, ఇప్పటికీ ఆ మాటొస్తే అన్నయ్య తల దించుకుంటాడు.

2019లో కౌన్సిల్ ఆ కోర్సు మూసేస్తామంది. వదిన పిల్లల్నీ వాళ్ళ అమ్మల్నీ వెంటబెట్టుకుని మీటింగ్‌కెళ్ళి, కౌన్సిలర్లని మాట్లాడనివ్వకుండా కడిగేసింది. సగం మిగిలింది. పద్దెనిమిది గుంతల్లో తొమ్మిది. "సగం ఇచ్చి దానం చేసినట్టు ఫోజులు!" అని ఫోన్లో నాతో తిట్టిపోసింది. పిల్లలు మాత్రం ఆ తొమ్మిదినే రెండుసార్లు తిరిగి ఆడుతున్నారు.