పిట్టలు ఎగిరిపోతాయి

బావకి ఉన్న తిక్క ఒక్కటే. ఆయన ఇంట్లో ఎవరూ నోరు తెరవకూడదు. తెరిస్తే పిట్టలు ఎగిరిపోతాయట. ఈ వసంతం మొదలవుతూనే పెరట్లో చెట్టుకొమ్మలకి గింజల పళ్ళేలు వేలాడదీశాడు, గోడ మీద నీళ్ళ మూకుళ్ళు పెట్టాడు, పిచ్చుకల్నీ గోరింకల్నీ గువ్వల్నీ పిలిచి మర్యాదలు మొదలుపెట్టాడు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ గడప దాటి అడుగుపెట్టిన ప్రతి మనిషికీ ఎదురెళ్ళి, పెదవుల మీద వేలు పెట్టి, కళ్ళు ఇంత చేసి "ష్" అంటుంటే, ఈయనకి మతి పోయిందని వీధి వీధంతా తేల్చేసింది.

ఇంకెవరైనా అయితే ఇంత వింతగా ఉండేది కాదు. బావ జీవితమంతా అరిచి బతికినవాడు. పాత సామాన్లు వేలం వేసే షెడ్డులో పాట నడిపించే ఉద్యోగం ఆయనది. కాలు విరిగిన కుర్చీని సింహాసనంలా వర్ణించి "ఒకటోసారి, రెండోసారి" అని ఆయన కేక పెడితే, వాన పడుతోందని లోపలికొచ్చి నిలబడ్డవాడు కూడా చెయ్యెత్తేసేవాడు. షెడ్డులో ఆయన్ని అందరూ "మైకు" అనేవారు. ఇంట్లోనూ అదే వరస. ఉప్పు అందుకోమంటే పక్కింటివాళ్ళు లేచి ఉప్పు వెతుక్కునేవారు. అలాంటి మనిషి ఇప్పుడు ఉప్పు కావాలంటే మూడు వేళ్ళు కలిపి గాల్లో చల్లి చూపిస్తున్నాడు.

కాలింగ్ బెల్లు తీగ పీకేశాడు. విజిల్ వేసే పాపానికి కుక్కరు అటకెక్కింది. తలుపుల బందులన్నిటికీ నూనె పట్టించాడు. వచ్చినవాళ్ళు చెప్పులు గేటు దగ్గరే విడిచి, గుమ్మంలో ఉన్న బుట్టలోంచి మేజోళ్ళు తీసుకుని తొడుక్కోవాలి. గ్యాసు సిలిండరు తెచ్చే మనిషి ఒకసారి దాన్ని దభీమని దించాడు. అప్పట్నుంచి బావ గేటు దగ్గర కాపు కాసి, పాత పరుపు పరిచి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దించిస్తున్నాడు. ఇక తనకి తుమ్మొస్తే పరుగెత్తుకెళ్ళి బట్టల బీరువాలో దూరి, దుప్పట్లలో మొహం పెట్టి తుమ్ముతాడు.

"ఆ మాత్రానికి బీరువా ఎందుకండీ?" అని సిలిండరు మనిషి గుసగుసగా అడిగాడు.

"నా తుమ్మంటే పిట్టలకి పడదయ్యా" అని బావ అంతకన్నా గుసగుసగా చెప్పాడు.

అందరూ నవ్వుకునే ఈ సంగతికి నవ్వు రాని మనిషి ఒక్కతే ఉంది. ఆయన మరదలు. చలికాలంలో ఆమె అక్కకి గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఇక తిరిగి రాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మెడ కింద ఊపిరి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం, దాని మీద ఎప్పుడూ ఒక తెల్లటి గుడ్డ. మాట పోయిన మనిషి చెవిన నాలుగు మాటలు పడాలా వద్దా? ఇంట్లో టీవీ మోగాలి, పదిమంది వచ్చి కబుర్లు చెప్పాలి. ఈయనేమో రెక్కలున్న ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకుని, పెళ్ళాం ఉన్న ఇంటిని శ్మశానం చేసి కూర్చున్నాడు. ఇదీ చెల్లెలి కడుపుమంట.

ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. సెలవు పెట్టి, తిరుగు ప్రయాణానికి తనకీ అక్కకీ కలిపి టిక్కెట్లు తీసుకునే బయలుదేరింది. అక్కని తన ఇంటికి తీసుకుపోవాలి, తన పిల్లల గోల మధ్య ఉంచుకోవాలి. ఒకసారి తీసుకుపోయాక మళ్ళీ ఈ ఇంటికి పంపే ఉద్దేశం ఆమెకి లేదు.

వసంతమన్న మాటే గాని రోజుల తరబడి ఎండ పొడ లేదు. మసక వెలుతురులో గేటు దగ్గరే బావ ఎదురొచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఏంటి బావా, ఇంతలా చిక్కిపోయారు?" అంది ఆమె, తరగతి గది గొంతుతో.

"ష్. గోరింక వచ్చింది."

"నేనూ వచ్చాను."

"నువ్వెక్కడికీ ఎగిరిపోవుగా" అని గుసగుసలాడి, మేజోళ్ళ బుట్ట చూపించాడు.

లోపల గదంతా మందుల వాసన. చెల్లెలు తలుపు గట్టిగా మూసి, మంచం మీద అక్క పక్కన కూర్చుని, దారి పొడుగునా మింగుకొచ్చిన మాటలన్నీ ఒక్కసారి వదిలింది.

"ఎలా ఉన్నావక్కా? నొప్పిగా ఉందా? ఉండదూ మరి. సరిగ్గా తింటున్నావా? ఏం తింటావులే, ఏదో జావ తాగుతుంటావు. నిద్ర పడుతోందా? పట్టదు, నాకు తెలుసు."

ప్రశ్న తనే వేసింది, జవాబూ తనే చెప్పింది. అక్క ఏదో చెప్పాలని చేతులెత్తేది. అవి సగం దూరం లేవకముందే "అర్థమైందిలే, నీళ్ళు కదూ?" అని చెల్లెలు లేచేది. అక్కకి కావలసింది నీళ్ళు కాదు. పైగా మాట పోయిన మనిషికి చెవులు కూడా పోయినట్టు ఆమె గొంతు అంతకంతకూ పెద్దదయింది. చూపు ఎంత ఆపుకున్నా ఆ తెల్లగుడ్డ మీదికే పోయింది. కాసేపటికి అక్క చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. ఇంకాసేపటికి గోడ వైపు తిరిగి పడుకుంది. ఈ ఇంట్లో ఉండి ఎంత దిగులు పడిపోయిందో అనుకుని చెల్లెలు కళ్ళొత్తుకుంది.

సాయంత్రం పెరటి గదిలో పిట్టల కొలువు తీరింది. బావ కుర్చీలన్నీ కిటికీకి ఎదురుగా వరసగా వేశాడు, సినిమా హాల్లో లాగ. ఎదురింటి పిన్నిగారు వచ్చింది. పోస్టుమాన్ సైకిలు గేటు బయట పెట్టి, మేజోళ్ళు తొడుక్కుని వచ్చాడు. అక్కకి మధ్య కుర్చీ. బయట పిచ్చుకలు పళ్ళెం చుట్టూ కొట్టుకుంటున్నాయి. ఒక ఉడుత తలకిందులుగా వేలాడుతూ పొద్దుతిరుగుడు గింజలన్నీ దోచుకుంటోంది. లోపల కిక్కురుమనే ప్రాణి లేదు.

పిన్నిగారికి కడుపులో మాట దాగదు. అల్లుడి గురించి ఏదో చెప్పి తీరాలి, నోరు తెరిస్తే బావ ఊరుకోడు. చివరికి చేతులతో మొదలుపెట్టింది. లేని మీసం మెలేసింది, లేని నిచ్చెనెక్కింది, చేతులు కట్టుకుని మూతి ముడిచింది. పోస్టుమాన్‌కి అర్థమైంది వేరు. నాలుగు కాళ్ళు, ఒక తోక గాల్లో గీసి, పిల్లి అటకెక్కిందా అన్నట్టు చూశాడు. పిన్నిగారు నుదురు కొట్టుకుంది. అల్లుణ్ణి పిల్లిని చేసినందుకు కాదు, అంత సులువుగా చేసినందుకు.

అప్పుడు అక్క చెయ్యెత్తింది. ఆమెకి ఈ విద్యలో నెలల అభ్యాసం. పొట్ట కాస్త ముందుకి తోసి, గడ్డం ఎగరేసి, అలిగి మేడెక్కి కూర్చున్న అల్లుడయిపోయింది. పిన్నిగారు అవునవునని తల ఊపింది. అక్క అక్కడితో ఆగలేదు. కింద నుంచి కూతురొచ్చి, మొగుణ్ణి పైనే వదిలేసి నిచ్చెన చంకన పెట్టుకుపోవడం కూడా చూపించింది. అసలు జరిగిందీ అదే. పిన్నిగారు నోట్లో చేతిరుమాలు కుక్కుకుంది. పోస్టుమాన్ కుర్చీలోంచి జారాడు. బావ కళ్ళు తుడుచుకుంటూ బీరువా వైపు పరుగెత్తాడు. అందరి భుజాలూ ఎగిరెగిరి పడ్డాయి. ఒక్కరి దగ్గర్నుంచీ చప్పుడు రాలేదు.

చెల్లెలికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. నోరున్నవాళ్ళంతా చేరి నోరులేని మనిషి ముందు మూగాట ఆడుకుంటున్నారు. అంతకన్నా వెక్కిరింత ఏముంటుంది?

ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడాలంటే వీధి మలుపు దాకా నడవాలి. బావని అక్కడికి తీసుకెళ్ళింది.

"రేపు మధ్యాహ్నం రైలుకి అక్కని తీసుకెళ్తున్నాను, బావా."

ఆయన వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాడు.

"రేపేనా?" అన్నాడు. "గువ్వ గుడ్లు పెట్టింది. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఆగితే..."

"మీకు పెళ్ళాం ముఖ్యమా, గువ్వ ముఖ్యమా?"

"మీ అక్కని అడుగు. తను వెళ్తానంటే నేనే స్టేషన్‌లో దింపుతాను. సామాను కూడా సర్దిపెడతాను" అని బావ తలవంచుకుని వెనక్కి నడిచాడు. వేలంషెడ్డు కప్పు లేపిన గొంతు అంత చిన్నదైపోవడం చూసి ఆమెకి ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం గువ్వ గుర్తొచ్చి ఆ జాలి కాస్తా పోయింది.

పొద్దున్నే అక్క స్నానానికి వెళ్ళింది. ప్రయాణానికి అక్క బట్టలు సర్దాలని, ఆరేసినవి తీసుకురావడానికి చెల్లెలు మేడెక్కింది. తీగ మీద తెల్లగుడ్డలు వరసగా వేలాడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీస్తుంటే మనసు చివుక్కుమంది. అంతలో పెరటి చివర నుంచి ఒక కేక వినిపించింది.

"చూడండి బాబూ, చూడండి. మేలురకం సజ్జలు. పురుగు లేదు, పుచ్చు లేదు. చూసిన కళ్ళకి ఆకలి, తిన్న నోటికి అలవాటు. పాట ఎవరిది? గోరింకమ్మగారిదా? ఇంకెవరైనా ఉన్నారా?"

చెల్లెలు పిట్టగోడ మీంచి వంగి చూసింది. అవతల ఎవరూ ఉండని పాత గోడౌను గోడకి ఎదురుగా బావ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో స్టీలు పళ్ళెం, ఒక చేతిలో గరిట. గొంతు నిండుగా, ఛాతీ విప్పి, షెడ్డులో అరిచినట్టే అరుస్తున్నాడు.

"ఒకటోసారి" అని గరిటతో పళ్ళెం మీద ఠంగుమని కొట్టాడు. ఒక్క పిట్ట కూడా ఎగరలేదు. "రెండోసారి." ఎగరకపోగా గోడౌను కప్పు మీదున్న పిచ్చుకలన్నీ గుంపుగా దిగాయి. "మూడోసారి" అనేసరికి ఒకటి ఆయన భుజం మీద వాలింది, ఇంకొకటి నెత్తినెక్కింది. ఉడుత ఆయన కాలి పక్కనే కూర్చుని తాపీగా గింజలు ఒలుచుకుంటోంది. గూట్లో గువ్వ మెడ కూడా తిప్పలేదు. ఆ పిట్టలకి ఆయన కేకే భోజనం గంట.

చెల్లెలు చేతిలోని గుడ్డలతో అలాగే నిలబడిపోయింది. పిట్టలకి చప్పుడంటే భయమే లేదు. మరి ఆ "ష్" ఎవరి కోసం?

అడుగుతుండగానే తెలిసిపోయింది. ఆ పెరటి గదిలో మాట లేనిది అక్క ఒక్కతికే కాదు, ఎవరికీ లేదు. అక్క నవ్వుకి చప్పుడుండదు, అక్కడ ఎవరి నవ్వుకీ చప్పుడు లేదు. కుర్చీలన్నీ కిటికీ వైపే, ఒక్క చూపూ అక్క మెడ మీదికి పోదు. అక్క చేతులెత్తితే మధ్యలో అడ్డం పడి మాట పూర్తిచేసేవాళ్ళు లేరు. తాను మాత్రం తలుపు మూసి, ప్రేమ కొద్దీ అరిచి అరిచి, అక్కని గోడ వైపు తిప్పేసింది. చెల్లెలికి సిగ్గేసింది. నిన్న గువ్వతో పోటీ పెట్టి అడిగిన ప్రశ్న గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. కింద నెత్తిన పిచ్చుకతో నిలబడ్డ ఆ బక్క మనిషి మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

భుజం మీద చెయ్యి పడితే తిరిగి చూసింది. తడి జుట్టుతో అక్క నిలబడి ఉంది. కంగారుపడి చెల్లెలు ఆమెకి కింద కనబడకుండా అడ్డం నిలబడబోయింది. అక్క పక్కకి తప్పించి, పెరట్లోకి చూసి, చేతిని మైకులా నోటి ముందు పెట్టుకుని, కళ్ళు పైకి తిప్పింది. రోజూ ఉన్నదే అన్నట్టు.

"నీకు ముందే తెలుసా?" అని చెల్లెలు మెల్లిగా అడిగింది. ఈసారి జవాబు తను చెప్పలేదు. అక్క చేతుల కోసం ఆగింది.

అక్క తల ఊపింది. స్నానాలగది కిటికీ చూపించి, తన చెవులు చూపించింది. ఆపరేషన్ అయింది గొంతుకి గాని వీటికి కాదుగా అని.

"మరి బావకి చెప్పలేదేం?"

అక్క చటుక్కున చెల్లెలి నోరు మూసింది. తర్వాత రెండు అరచేతులతో తన చెవులు గట్టిగా మూసుకుని, మొహం ముడుచుకుని, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదీ తన బతుకని చూపించింది. చేతులు తీసి హాయిగా భుజాలు వదిలేసింది. చెప్తే మళ్ళీ ఇంట్లో మొదలుపెడతాడు, ఊరుకో అని.

చెల్లెలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మధ్యాహ్నం రైలుకి నాతో వస్తావా, అక్కా?" అని అడిగింది, జవాబు తెలిసినా.

అక్క ఎడమ అరచేతి మీద కుడి పిడికిలితో కొట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. కింద ఉన్న మనిషిని చూపించి, వేలు తన గుండెలకి తిప్పుకుంది. పాట ఎప్పుడో ముగిసింది, సరుకు ఆవిడదే.

మేడ మీద అలికిడి విన్నాడేమో, బావ కేక ఠక్కున ఆగిపోయింది. మునివేళ్ళ మీద మెట్లెక్కి వచ్చాడు. మొహం పాలిపోయింది. నెత్తి మీద రెండు సజ్జగింజలున్నాయి. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, వినబడీ వినబడనట్టు గుసగుసలాడాడు.

"ఇందాక ఇక్కడెవరో గట్టిగా అరిచినట్టు వినిపించింది. పిట్టలన్నీ బెదిరిపోయాయి. ఎవరది?"

అక్క మొహంలో ఒక్క గీత కదలలేదు. నిదానంగా చెయ్యెత్తి చెల్లెల్ని చూపించింది.

"తప్పయింది బావా" అని చెల్లెలు గుసగుసగా ఒప్పుకుంది.