తువ్వాలు వేసిన సీటు

మాస్టారు పోయారని గాజువాక నుంచి ఫోను వచ్చినప్పుడు నా బల్ల మీద ఆయన కథే ఉంది. స్నేహం మీద రానున్న కథాసంకలనానికి నేను సంపాదకుణ్ణి. ముగింపులో ఒక్క వాక్యం కలపమని అంతకుముందు వారమే ఆయన్ను మరోసారి బతిమాలాను. కుదరదన్నారు. ఇక ఎవరిని బతిమాలాలి?

నాకు కథ చదవడం నేర్పింది ఆయనే. తొంభైల్లో ప్రతి ఆదివారం తమ క్వార్టర్ వరండాలో కథలు చదివించేవారు. ఎవరైనా "అద్భుతం" అంటే మొహం చిట్లించి, "అద్భుతమంటే చదవలేదని అర్థం. ఏ వాక్యం దగ్గర ఆగావో చెప్పు" అనేవారు.

ఆయన కథలో ఇద్దరు స్నేహితులు. ఉక్కు కర్మాగారం షిఫ్టు బస్సులో ముందెక్కినవాడు రెండోవాడి కోసం సీటు మీద తువ్వాలు వేస్తాడు. వాళ్ళలో మంచి అనదగ్గది అంతకు మించి లేదు. మొదటివాడు పైవాళ్ళకు చాడీలు చెబుతాడు. రెండోవాడు వాటిలో తనకు పనికొచ్చేవి ఏరుకుంటాడు. చివరికి రెండోవాడు చనిపోతాడు. మర్నాడు మొదటివాడు పక్క సీటు మీద తువ్వాలు వేసి, నిలబడ్డ ముసలాయన్ని సైతం కూర్చోనివ్వకుండా, పోయినవాణ్ణి తిట్టుకుంటూ డ్యూటీకి వెళ్తాడు. అంతే కథ.

దీన్ని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది పక్క క్వార్టర్‌లోని క్రేన్ ఆపరేటర్. అతనికి ఎవరితోనూ పడదు, మాస్టారితో అసలే పడదు. అయినా ఒక్క ఆదివారమూ మానేవాడు కాదు.

"ఏటి బావా ఈ కత? ఇద్దరూ ఎదవలే! ఒక్కడైనా మంచోడుండాల కదేటి?"

"మంచివాళ్ళకి స్నేహితులు దొరకడంలో కథేముందయ్యా? నీలాంటివాడికీ ఒకడు దొరికాడు చూడు, అదీ కథ."

"సచ్చినోడికి సీటేత్తాడా ఎవుడైనా? ఇదంతా ఇన్నందుకు టీ ఇప్పించు."

పాఠకులు కథలోని వ్యంగ్యాన్ని అందుకోలేరనీ, మొదటివాడు తిడుతున్నది దుఃఖంతోనేనని ఒక్క మాట చెబితే చాలనీ ఏళ్ళ తరబడి వాదించాను. "పాఠకుణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తానంటావు. వాడికి కళ్ళున్నాయయ్యా" అని నవ్వేసేవారు. ఆ మొండితనం వల్లే పత్రికలు కథను తిప్పి పంపాయి. దాన్ని అచ్చులో చూసుకోకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఆయన్ను తలుచుకుంటే కన్నీళ్ళ కంటే ముందు విసుగే వస్తోంది.

సంస్మరణ సభకు నేను ఆలస్యంగా వెళ్ళాను. హాలు నిండిపోయింది. ముందు వరుసలో ఆపరేటర్ ఉన్నాడు. వేదిక మీది వక్త మాస్టారిని దేవుడంటుంటే అతను పైకే గొణుగుతున్నాడు: "దేవుడంట! ఇన్నేళ్ళూ నాకు సల్లారిపోయిన టీ పోసినోడు." అతని పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ. నేను వంగి కూర్చోబోయాను.

"కూకోకండి. మనిసున్నాడు."

కుర్చీ మీద తువ్వాలు ఉంది.

కథను ఒక్క అక్షరం కలపకుండా అచ్చుకు పంపాను. నన్ను చూసి గెలిచినట్టు నవ్వడానికి ఆయన లేరు. ఆ చికాకు ఎన్నటికీ తీరదు. ఆ రోజు గోడవారగా నిలబడి సభంతా చూశాను. ఫ్యాను గాలికి తువ్వాలు అంచు లేచినప్పుడల్లా, గొణుగుడు ఆపకుండానే, అటు చూడకుండానే, ఆపరేటర్ దాన్ని అరచేత్తో అదిమిపెడుతున్నాడు.