ఎడమ కన్ను ముందా, కుడి కన్ను ముందా?

మా మేడ మూడో అంతస్తులో ఉండే సినిమా ఆవిడకి మతి చలించిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. అది శుద్ధ అబద్ధం. ఆవిడ వేళాపాళా లేకుండా, నలుగురి మధ్యా, ఉన్నట్టుండి భోరుమని ఏడ్చేస్తుందన్న మాట మాత్రం నిజం. ఏళ్ల తరబడి కళ్లలో గ్లిజరిన్ పోసుకుని లోపలి వాషర్ అరిగిపోయిందని పాలవాడు అంటాడు. బయటికి చెప్పుకోలేని ప్రేమకథ ఏదో ఉందని ఇస్త్రీ ఆవిడ అంటుంది. గ్లిజరిన్ ఆవిడ జన్మలో ముట్టుకోలేదు. ఇక ప్రేమకథే ఉంటే కుట్టు పిన్నికి తెలియకుండా ఉండే ప్రసక్తే లేదు.

కుట్టు పిన్నిది అదే మేడలో కింది వాటా. వీధి గుమ్మంలోనే మిషను వేసుకుని కూర్చుంటుంది. కుట్టేది బట్టలే అయినా, ఆవిడ కన్నుకప్పి ఒక చీమ కూడా మెట్లెక్కదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరికీ ఆవిడ పిన్నే. ఒక్క సినిమా ఆవిడకి మాత్రం వదిన. ఇద్దరూ ఒకే ఏడాది ఆ మేడలో దిగారు, దిగిన వారానికే కుళాయి దగ్గర పోట్లాడుకున్నారు, ఆనాటి నుంచీ వదినా అంటే వదినా అనుకుంటున్నారు. సినిమా ఆవిడకి కుళాయమ్మ అని పేరు పెట్టింది కూడా పిన్నే. "మునిసిపాలిటీ కుళాయికైనా ఒక వేళంటూ ఏడిసింది. మా వదిన కళ్లకి అదీ లేదు" అనేది.

ఏడుపు కుళాయమ్మకి వృత్తి. ఆ వృత్తిలోకి వచ్చింది మాత్రం నవ్వుతూ. ఆరు నెలల పిల్లగా ఉండగా, ఏదో సినిమాలో ఏడ్చే పాప కావాలంటే వాళ్లమ్మ ఎత్తుకెళ్లిందట. కళ్లు జిగేల్‌మనేలా లైట్లు వేశారు. గిలక్కాయ లాక్కున్నారు. పాలసీసా చూపించి దాచేశారు. పిల్ల ఒక్కొక్కదానికీ పకపకా నవ్వింది. చివరికి డైరెక్టరే ఏడుపు మొహం పెట్టుకుని, కథలో ఏడ్చే పాపని నవ్వే పాపగా మార్చుకున్నాడు. "ఆ రోజు నవ్వినందుకే వదినా, ఇన్నేళ్ల శిక్ష" అని ఆవిడే చెప్పేది.

పదహారో ఏట హీరోయిన్‌కి చెల్లెలై, తన పెళ్లి ఆగిపోయి ఏడ్చింది. ఇరవయ్యో ఏట హీరోయిన్‌కి స్నేహితురాలై, హీరోయిన్ పెళ్లి ఆగిపోయి ఏడ్చింది. ఆ తర్వాత ఒకటిన్నర సినిమాల్లో తనే హీరోయిన్. ఆ అర సినిమా నిర్మాత చేతులెత్తేస్తే మధ్యలో ఆగిపోయింది. చిత్రం ఏమిటంటే, ఆ రోజు మాత్రం ఆవిడ కంట చుక్క లేదు. సెట్లో ఉన్నవాళ్లందరికీ టీలు తెప్పించి, ధైర్యం చెప్పి ఇళ్లకి పంపించింది. ముప్ఫై నిండీ నిండకుండానే తల్లి వేషం కట్టింది, అదీ తనకన్నా ఆరేళ్లు పెద్దవాడైన హీరోకి. అటుపైన టీవీ. ఇప్పుడు రోజూ ఏడున్నరకి ఏడుస్తుంది, ఏళ్ల తరబడి ఒకే సీరియల్లో, తప్పిపోయిన ఒకే కొడుకు కోసం. ఆ కొడుకు వేషం వేసే కుర్రాళ్లు నలుగురు మారారు గానీ ఏడుపు మారలేదు.

ఆవిడ పనితనం చూడాలంటే సెట్‌కే వెళ్లాలి. కుళాయమ్మ వేసుకున్న జాకెట్టు చేతుల దగ్గర పట్టేసిందని కబురొస్తే, పిన్ని సూదీ దారం పట్టుకుని ఒకసారి వెళ్లింది. కెమెరా పెట్టారు. కొత్తగా వచ్చిన డైరెక్టరు, "అమ్మా, ఈ షాట్‌లో కొంచెం కన్నీళ్లు..." అని నసిగాడు.

"ఎడమ కన్ను ముందా, కుడి కన్ను ముందా?" అంది కుళాయమ్మ, హోటల్లో సర్వరు కాఫీయా టీయా అని అడిగినట్టు.

"కెమెరా ఇటుంది కదమ్మా, ఎడమదే ముందు."

"చుక్క చెంప మీద ఆగాలా, గడ్డం దాకా రావాలా?"

"ఆగుతుందామ్మా?"

"ఆపితే ఆగుతుంది. కానియ్ నాయనా, భోజనం చల్లారిపోతోంది."

ఆగింది. సరిగ్గా పుట్టుమచ్చ పక్కన వచ్చి ఆగింది. సెట్టంతా ఊపిరి బిగబట్టుకుంది. ఒక మూల నుంచి మాత్రం ఏనుగు తొండంతో నీళ్లు పీల్చినట్టు చప్పుడొచ్చింది. "వెనక ఏడ్చేదెవరు? సౌండొస్తోంది!" అని అరిచాడు డైరెక్టరు. ఎవరో కాదు, పిన్నే. ముక్కు ఎర్రబడి, నోరు వంకర తిరిగి, సూది ఎక్కడ గుచ్చిందో కూడా మరిచిపోయింది. కుళాయమ్మ మాత్రం చెంప మీది చుక్కని చిటికెన వేలితో తీసేసి, "వదినా, చంక దగ్గర ఇంకా లాగుతోంది చూడు" అంది.

పనిలో ఇంత కొలిచినట్టు ఏడ్చే మనిషి, బయట ఎందుకలా ఒలకబోసుకుంటుంది? పిన్నికి కొరుకుడు పడనిది ఇదే.

కూరగాయల కొట్టు సంగతి తీసుకోండి. సాయంత్రం పూట, కొట్టు నిండా జనం. పక్క వీధి లెక్కల మాస్టారి వంతు వచ్చింది. "బంగాళాదుంపలు పావు కిలో" అన్నారు. "పావేంటి మాస్టారూ, ఎప్పుడూ అరకిలో కదా?" అన్నాడు కొట్టువాడు. ఆయన జవాబు చెప్పేలోపే, పక్కనున్న కుళాయమ్మ ఒక గుమ్మడికాయని కావలించుకుని ఘొల్లుమంది.

"అమ్మా! ఏమైందమ్మా?"

"గుమ్మడికాయ..."

"పుచ్చిపోయిందా అమ్మా? మార్చి ఇస్తా!"

"ఇంత నిండైన కాయని... ముక్కలు ముక్కలు చేసి..."

జనం మూగిపోయారు. ఒకరు నీళ్లు తెచ్చారు, ఒకరు స్టూలు తెచ్చారు, ఒకరు అట్టముక్కతో విసిరారు. కొట్టువాడు బెంబేలెత్తి, ఆ కాయ మీద కత్తి పెట్టనని ఒట్టేశాడు. "ఉల్లిపాయల దగ్గర ఏడ్చినవాళ్లని చూశాను గానీ పిన్నీ, గుమ్మడికాయ దగ్గర ఏడుపు ఇదే చూడ్డం" అని మర్నాడు మొత్తుకున్నాడు.

స్కూల్లో జరిగింది ఇంకా ఘోరం. ఆటపాటల పోటీలకి కుళాయమ్మని ముఖ్య అతిథిగా పిలిచారు. మా మేడ రెండో అంతస్తు పిల్ల పాడడానికి వేదికెక్కింది. సగం పాడి, మిగతా సగం గుర్తు రాక నీళ్లు నములుతోంది. అంతలో ముఖ్య అతిథి కుర్చీలోంచి పెద్దపెట్టున ఏడుపు! హెడ్మాస్టరు మైకు వదిలేసి పరిగెత్తారు. పూలగుత్తి చేతికిస్తే ఆవిడ అందులోనే ముక్కు చీదుకుంది.

"ఆ పాట అంతగా కదిలించిందామ్మా?"

"లేదండీ, కుర్చీలో మేకు గుచ్చుకుంది."

హెడ్మాస్టరు కుర్చీ బోర్లించి వెతికారు. మేకు లేదు, మేకు పడిన కన్నం కూడా లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆసుపత్రి ఒక ఎత్తు. అక్కడ పిన్నికి నిజంగానే ఒళ్లు మండింది. బాబాయికి, అంటే పిన్ని మొగుడికి, గుండె ఆపరేషన్. థియేటరు తలుపు మూసుకుంది, పైన ఎర్రదీపం వెలిగింది. గోడకానుకుని పిన్ని, చుట్టూ ఆడపడుచులు. సరిగ్గా అప్పుడే కుళాయమ్మ నేల మీద చతికిలబడి, "అన్నయ్యా!" అని ఒక్క కేక పెట్టింది. రోజూ ఆవిణ్ణి టీవీలో చూసే నర్సులు పరిగెత్తుకొచ్చారు. సెలైన్ స్టాండు తోసుకుంటూ ఒక ముసలాయన కూడా వచ్చి, "ఊరుకో తల్లీ, మీ అబ్బాయి దొరుకుతాడు" అని ఓదార్చాడు. ఆడపడుచులూ అటే పోయారు. పిన్ని దగ్గర పురుగు కూడా మిగల్లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు దిగాక బాబాయి అడిగిన మొదటి మాట, "ఎవరే పోయింది? లోపలికి వినిపించింది" అని.

"ఎవరూ పోలేదు. మీ సినిమా చెల్లెలు! అసలు మొగుడు నాకా, దానికా?" అని పళ్లు నూరింది పిన్ని.

ఈ కబుర్లన్నీ చిలవలు పలవలై, వేరే ఊళ్లో ఉన్న కుళాయమ్మ చెల్లెలి చెవిన పడ్డాయి. ఆవిడకి అక్కంటే ప్రాణం. అలా ప్రాణం పెట్టేవాళ్లతోనే అసలు ప్రమాదం. పిన్నికి ఫోను చేసింది.

"వదినగారూ, నా దగ్గర దాచకండి. అక్కకి మతి తప్పిందా?"

"అబ్బెబ్బే, ఎవరన్నారు?"

"గుమ్మడికాయని పట్టుకుని ఏడ్చిందా, లేదా?"

"ఏడవడం అంటే... ఏడ్చిందనుకో..."

"చాలు! సీరియల్ వాళ్లతో మాట్లాడేశాను. కథలో అక్కని విమానం ఎక్కించి ఎటో పంపేస్తారట. ఆదివారం వచ్చి మా ఇంటికి తీసుకుపోతా. ఇక పనీ వద్దు, పాటూ వద్దు, గదిలో కూర్చుని విశ్రాంతి తీసుకుంటుంది. ఈలోగా మీరేమైనా, ఇదిగో ఫలానా అందుకు ఏడుస్తోందని ఒక్క కారణం చెప్పగలిగితే ఆగుతాను. ఆ మేడలో మీకు తెలియనిది లేదని అక్కే అంటుంది."

ఆరు నెలల వయసు నుంచీ లైట్ల ముందు బతికిన మనిషిని గదిలో కూర్చోమనడం, చేపని ఒడ్డున వేసి విశ్రాంతి తీసుకోమనడం లాంటిదే. పైగా ఆవిడ వెళ్లిపోతే పిన్ని ఇక పోట్లాడేది ఎవరితో?

నేరుగా వెళ్లి అడిగేయొచ్చు కదా అంటారేమో. పిన్ని విద్యలో సూటిగా అడగడం నామోషీ. అడిగితే ఎవరైనా చెబుతారు, అందులో గొప్పేముంది? చుట్టూ తిరిగి లాగాలి. కాబట్టి సోమవారం కళ్లలో వేసుకునే మందు పట్టుకెళ్లి, "నీ కళ్లు ఎర్రగా ఉన్నట్టున్నాయే" అని చూసింది. బుధవారం, "చిన్నప్పుడు మీ ఇంట్లో గుమ్మడిపాదు ఉండేదా?" అని ఆరా తీసింది. అన్నిటికీ కుళాయమ్మది ఒకటే సమాధానం: "వదినా, నీ మిషను కీచుమంటోంది, కాస్త నూనె వెయ్యి."

ఆదివారం పొద్దున్నే చెల్లెలి కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. పిన్ని దగ్గర కారణం లేదు. చెల్లెలు ఖాళీ పెట్టె పట్టుకుని మెట్లెక్కుతుంటే చూస్తూ కూర్చుంది. అదిగో, అప్పుడొచ్చారు లెక్కల మాస్టారు, గుండీ ఊడిన చొక్కా పట్టుకుని.

"ఇవన్నీ మా ఇంటావిడే చూసుకునేదమ్మా" అన్నారు. "మీ సినిమా ఆవిడ వెళ్లిపోతోందటగా? పాపం, ఆ గుమ్మడికాయ రోజున ఆవిడ పుణ్యమా అని నా పరువు దక్కింది."

"మీ పరువుకేమొచ్చింది మాస్టారూ?"

"ఇంటావిడ పోయాక కొట్టుకెళ్లడం అదే మొదలు. ఒక్క మనిషికి పావు కిలో చాలు కదా. ఆ మాట అనేసరికి కళ్లు నిండిపోయాయి. జీవితమంతా పిల్లల్ని ఏడిపించినవాణ్ణి, వాళ్లందరి ముందూ నడిబజార్లో ఏడ్చేసేవాణ్ణి. సమయానికి ఆ మహాతల్లి గుమ్మడికాయ మీద పడింది. అందరూ అటు తిరిగారు. నేను బస్తాల చాటున కళ్లు తుడుచుకుని వచ్చేశాను. అదృష్టమంటే అదీ!"

పిన్ని కాలు మిషను మీద ఆగిపోయింది.

అదృష్టమా? రెండో అంతస్తు పిల్ల పాట మరిచిపోయిన సంగతి ఇవాళ స్కూల్లో ఒక్కరికీ గుర్తు లేదు. అందరికీ గుర్తున్నది కుర్చీలో లేని మేకే. మరి ఆసుపత్రిలో? అందరూ కుళాయమ్మ చుట్టూ మూగాక తనేం చేసింది? గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పొద్దుటి నుంచీ ఆడపడుచుల ముందు బిగబట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఒక్కరూ చూడలేదు. మొహం కడుక్కుని వచ్చి నిలబడితే, "మా వదిన ఉక్కు మనిషి" అని ఆడపడుచులు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

"ఉక్కుట, ఉక్కు!" అంది పిన్ని పైకే.

"ప్లాస్టిక్ గుండీ చాలమ్మా" అన్నారు మాస్టారు కంగారుగా.

అప్పటికే పిన్ని చొక్కాతో సహా మెట్ల మీద ఉంది.

పైన మంచం మీద పెట్టె తెరిచి ఉంది. చెల్లెలు ఒక వైపు నుంచి బట్టలు మడతపెట్టి అందులో పెడుతోంది. కుళాయమ్మ రెండో వైపు నుంచి తీసి బీరువాలో పెడుతోంది. పెట్టె మాత్రం నిండట్లేదు. గోడ మీద ఫోటోలో ఆరు నెలల పాప పకపకా నవ్వుతోంది.

మెట్లెక్కుతూ పిన్ని అన్నీ వరసగా పేర్చుకుంది. తీరా గుమ్మంలో నిలబడి వదిన మొహం చూసేసరికి పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ముక్కు ఎర్రబడింది. నోరు వంకర తిరిగింది.

"ఏమైంది వదినగారూ?" అని చెల్లెలు ఇటు తిరగబోయింది.

"అయ్యో, నా దువ్వెన!" అని కుళాయమ్మ భోరుమంది.

చెల్లెలు గిరుక్కున అటే తిరిగింది. "చూశారా వదినగారూ! దువ్వెనకి కూడానా!" అంటూ నీళ్ల కోసం వంటింట్లోకి పరిగెత్తింది. పిన్ని తలుపు చాటున తీరిగ్గా, హాయిగా ఏడ్చింది. మాస్టారి చొక్కాతోనే ముక్కు తుడుచుకుని లోపలికొచ్చింది.

"దొరికావు వదినా! ఇవాళ్టికి దొరికావు!"

చెల్లెలు నీళ్లు తెచ్చేసరికి పిన్ని మాస్టారి దగ్గర మొదలుపెట్టి, పిల్ల మీదుగా, ఆసుపత్రి దాటి, దువ్వెన దాకా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెల్లెలు వింటూ వింటూ ఆ నీళ్లు తనే తాగేసింది. గుండెల మీద చెయ్యి వేసుకుని, "హమ్మయ్య" అని మంచం మీద కూలబడింది. తర్వాత లేచి, ఖాళీ పెట్టె మూసేసింది.

"మరి సీరియల్లో విమానం ఎక్కించేశారేమోనే అక్కా?"

"ఎక్కిస్తే దింపుతారు" అంది కుళాయమ్మ. "ఆ కథలో చచ్చినవాళ్లనే లేపారు."

అప్పుడు పిన్ని జన్మలో మొదటిసారి, చుట్టూ తిరగకుండా, నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది. "సూటిగా అడుగుతున్నా. ఎందుకిలా చేస్తావు వదినా?"

కుళాయమ్మ ముందు ఎడమ కన్ను తుడుచుకుంది. తర్వాత కుడి కన్ను తుడుచుకుంది.

"ఏం చెయ్యమంటావు వదినా? మీలో ఒక్కరికీ ఏడవడం చేతకాదు. మాస్టారికి గడ్డం వణుకుతుంది, ఆ పిల్లకి ఎక్కిళ్లొస్తాయి, నీ సంగతి సరేసరి, ముక్కు ఎర్రబడి నోరు వంకరపోతుంది. అంత అధ్వాన్నపు ఏడుపు నలుగురి ముందూ ఏడవబోతుంటే, ఇన్నేళ్లు దీని మీదే బతికినదాన్ని, చూస్తూ ఎలా ఊరుకోను?"