తిరగబడ్డ పడవ, తిప్పని బోర్డు

నిన్న సాయంత్రం పెరట్లో దొండపాదు కత్తిరిస్తుంటే ఆకులు చేతుల్లో నలిగి, ఆ పచ్చి వగరు వాసన ముక్కుకు తగలగానే నా వేళ్ళు వాటంతటవే పలక కోసం వెతికాయి. మా అమ్మాయి చదివే బడిలో ఒకటో తరగతి పిల్లలకు ‘రీడింగ్ యాక్టివిటీ’ అని ఒకటి ఉంటుంది. దానికి రంగుల కాగితాలూ జిగురూ మెరుపుల పొడీ మేమే పంపాలి. మొన్న తల్లిదండ్రులందరినీ పిలిచి, ఇది మన దేశంలో పూర్తిగా కొత్త పద్ధతి అని టై కట్టుకున్న ఒకాయన చెబుతుంటే, కొత్తేమీ కాదండీ, ఉద్దానంలోని మా ఊళ్ళో మా పంతులమ్మ బడి వరండాలో కూర్చోబెట్టి ఇంతకంటే బాగా చేయించింది అని లేచి అనేశాను. మా ఆయన సిగ్గుతో కుర్చీలో కిందికి జారిపోయాడు. నేను జారను. ఎందుకు జారనో చెప్పాలంటే దొండాకు దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

తొంభైల చివర మాట. కొబ్బరి తోటలు, వాటి వెనక జీడి తోటలు, ఆ వెనక ఇసుక, ఇసుక మీద ఒడ్డుకు లాగిన పడవలు, ఇదీ మా ఊరు. బడికి గదులు చాలక ఒకటో తరగతికి వరండా ఇచ్చారు. అదే మా అదృష్టం అని ఇప్పటికీ వాదిస్తాను, ఎందుకంటే గదిలో వాళ్ళకు గోడలే కనిపించేవి, మాకు తోట మొత్తం కనిపించేది. పొద్దున్నే దొండాకూ పొయ్యిలో బొగ్గూ కలిపి పలకలు రుద్ది, గట్టు మీద ఆరబెట్టి, ఎవరి పలక ఎక్కువ నల్లగా ఉందో తేల్చుకోవడానికి జుట్లు పట్టుకునే లోపు, కొబ్బరి చెట్ల మధ్య నుంచి నల్ల గొడుగు ఒకటి కదిలి వచ్చేది. ఆ గొడుగు కింద మా పంతులమ్మ. ఆమెది టెక్కలి. రోజూ బస్సు దిగి తోటలోంచి నడిచి వచ్చేది.

మా అక్షరాలకు మా ఊరి వాసనే ఉండేది. వరండా కింద పరిచిన సముద్రపు ఇసుకలో చూపుడువేలితో దిద్దేవాళ్ళం. ఇసుక తడిగా ఉన్నరోజు అక్షరం నిలబడేది, ఎండిపోతే ‘క’ తలకట్టు కూలిపోయేది. జీడిపిక్కలు ఏరి తెచ్చి నేలమీద వరసగా పేర్చి ‘అ’ చేసేవాళ్ళం, పిక్క వంపు అక్షరం వంపుకు ఎంత చక్కగా అతికేదో ఏ రంగు కాగితానికీ తెలియదు. ఒకసారి ఎవరో పచ్చి పిక్కను పళ్ళతో కొరికి పెదవి పొక్కించుకుంటే, పంతులమ్మ కొబ్బరినూనె రాసి, వాడిచేతే ‘పిక్క’ అని రాయించింది. తలుపుకు ‘తలుపు’ అని, కుండకు ‘కుండ’ అని చీటీలు అంటించింది. తన ఊరి పేరు ‘టెక్కలి’ నల్లబల్ల పై మూల రాసి పెట్టింది. అక్షరానికి కిందనున్న ఒత్తు మేం మొదటిసారి చూసింది ఆ మాటలోనే.

అన్నిటికంటే మాకు ఇష్టమైనది పాఠం పాడటం. వాచకంలో పడవ బొమ్మ, కింద నాలుగు లైన్లు. పడవ వచ్చింది, వల తెచ్చింది అంటూ అందరం ఊగుతూ ఒక్క గొంతుతో పాడితే తోటలో కాకులు లేచిపోయేవి. నా గొంతు అందరికంటే పెద్దది. ఇప్పుడూ అంతే.

మా నానమ్మ ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని కాశీబుగ్గ వెళ్ళి అమ్ముకొచ్చేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తూనే బేరం చెయ్యగలిగిన మనిషి. ఒకరోజు ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, నా గొప్ప చూపించాలని వాచకం తెచ్చి ఎదురుగా నిలబడి గడగడా చదివేశాను. నానమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

“పడవ బోల్తా పడిపోయింది. నువ్వేటి సదువుతున్నావే గుంటా?”

చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. అక్షరం రాని మనిషికి అక్షరాలు ఎటున్నాయో తెలియదు, కానీ మొగుడినీ కొడుకునూ సముద్రం మీదికి పంపిన మనిషికి పడవ ఎటుందో తెలియకుండా ఎలా ఉంటుంది? నేను సరిచేసుకుని మళ్ళీ చదవబోతే, పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేటి అంది. నాకు మొదటి నుంచి పాడితేగాని రాలేదు.

“ఇది పాట. పాటకి బడెందుకే? పిక్కల రోజులొత్తన్నాయి, ఇంటికాడ సెల్లిని ఎత్తుకుని పాడుకో.”

మా ఇంట్లో ఆమె మాటే మాట. మాఘం దాటి జీడిపూత పిందె కట్టిందంటే మా అమ్మ పిక్కలు ఏరడానికి తోటల్లోకి వెళ్ళాలి, చెల్లి అప్పుడప్పుడే పాకుతోంది. ఏటా ఆ రోజుల్లో వరండాలో ఆడపిల్లల చాపలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యేవి. ఖాళీ అయిన చాప మళ్ళీ నిండేది కాదు. అమ్మ నావైపు చూసింది గాని అత్తగారికి ఎదురు చెప్పలేదు. అందుకని ఆ పని నేనే చేశాను. నాకు చదవడం వచ్చు, కావాలంటే పూత పిందెయ్యే లోపు ఇంకో పరీక్ష పెట్టి చూడు అన్నాను. ఏమీ రాకుండానే అంత ధైర్యంగా వాదించడం నాకు ఆమె నుంచే వచ్చింది.

మర్నాడు ముక్కు ఎగబీలుస్తూ జరిగినదంతా చెబితే పంతులమ్మ నన్ను తిట్టలేదు, మా ఇంటికొచ్చి బతిమాలనూ లేదు. గొడుగు ముడుస్తూ విప్పుతూ ఆలోచించి, మీ నానమ్మ చెప్పింది నిజమే కదే అంది. ఆ రోజుతో మా వరండాలో పాట ఆగిపోయింది. ఇంట్లో అక్షరాలున్నది ఏది దొరికితే అది తెమ్మంది. అగ్గిపెట్టెలు, సబ్బు కాగితాలు, మాత్రల అట్టలు, చిరిగిన క్యాలెండరు, పకోడీ కట్టిన కాగితం నూనె మరకలతో సహా తెచ్చాం. బొమ్మ ఉంటే దాన్ని చేత్తో మూసి చదవాలి, మధ్యలో ఎక్కడ వేలు పెడితే అక్కడి నుంచి చదవాలి, రాకపోతే రాదని చెప్పాలి. ఇవీ మా వరండా కొత్త చట్టాలు. ఎండ తగ్గాక ఒడ్డుకు తీసుకెళ్ళి పడవల మీది పేర్లు చదివించేది. తారు పూయడానికి బోర్లించిన పడవల పేర్లు తలకిందులుగా ఉంటే మేమే తలలు వంచి, కాళ్ళ సందుల్లోంచి చూసి చదివేవాళ్ళం. వలలు బాగుచేసుకుంటున్న మావలందరూ పని ఆపి నవ్వేవారు.

పూత పిందెలైంది. నేను నానమ్మను ఒడ్డుకు లాక్కెళ్ళి పడవల పేర్లన్నీ చదివి వినిపించాను. ఆవిడ ఒప్పుకోలేదు. “ఈ పడవలన్నీ పుట్టినకాణ్ణుంచి సూత్తన్నావు. నానూ సెప్పగల్ను,” అని నిజంగానే నాకంటే ముందు పేర్లు చెప్పుకుంటూ పోయింది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, రేపు నాతో కాశీబుగ్గ రా అంది.

కాశీబుగ్గలో బస్సు దిగితే జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన గొంతులో గుచ్చుకునేది. నానమ్మ బస్టాండు చివర గంప దించి, నన్ను దాని పక్కన నిలబెట్టి పద్ధతి చెప్పింది. ఇక్కడికొచ్చే బస్సుల్లో సగం నేనెప్పుడూ చూసినవి కావు. నేను బోర్డు చదవాలి, ఆమె వెళ్ళి కండక్టర్ని అడగాలి. తప్పితే రేపటి నుంచి బడి లేదు. చదువు రాని మనిషి చదువును పరీక్ష పెట్టడానికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఏ యూనివర్సిటీ కనిపెట్టిందో నాకు చూపించండి.

మందస అన్నాను, మందసే. సోంపేట అన్నాను, సోంపేటే. తర్వాత ఒక బస్సు మీద అన్నీ గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ మనది కాదు. పంతులమ్మ మాట గుర్తొచ్చి, ఇది నాకు రాదు నానమ్మా, మన అక్షరం కాదు అన్నాను. నానమ్మ వెళ్ళి అడిగొచ్చి, అది ఒరిస్సా బస్సంట అని గొణిగి గంప మీద ఈగలు తోలింది. రానిది రాదన్నందుకు ఆమె మొహం కాస్త విప్పారినట్టు అనిపించింది.

నాలుగోది వచ్చి ఆగింది. ముందు అద్దం కింద రేకు బోర్డు, ఎర్రటి అక్షరాలు, మధ్యలో నాకు బాగా తెలిసిన ఒత్తు. టెక్కలి అని అరిచాను. నానమ్మ వెళ్ళింది, కండక్టరుతో మాట్లాడింది, మెల్లగా తిరిగొచ్చింది.

“ఇచ్ఛాపురమంట. తప్పిపోనావే.”

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో గెలుపేమీ లేదు, నాకిప్పటికీ గుర్తు. నేను ఏడవలేదు. నల్లబల్ల పై మూల రోజూ చూసిన మాట, అది టెక్కలి కాకపోతే పంతులమ్మ టెక్కలి మనిషే కాదు. బస్సు ముందుకు పరుగెత్తి బోర్డు కింద నిలబడ్డాను. ఓ మామ్మా, ఈ గుంటని అవతలకి లాక్కో అని కండక్టరు కేకేశాడు. నేను కదల్లేదు.

“ఇచ్ఛాపురం బస్సుకి టెక్కలి అని ఎందుకు రాసుకున్నారు?”

కండక్టరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, దిగివచ్చి వంగి చూశాడు. ఆ రేకు బోర్డుకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు. టెక్కలి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు దాన్ని తిప్పడం మర్చిపోయారు. “ఓ బావా, బోర్డు తిప్పలేదేటి?” అని డ్రైవరును పిలిచాడు. రేకు కిర్రుమంటూ తిరిగింది. టెక్కలి పక్కనున్న రావివలస గుడికని ఎక్కి కూర్చున్న మొగుడూ పెళ్ళాలిద్దరు కొబ్బరికాయల సంచితో సహా దిగి కండక్టర్ని దులిపేశారు.

నానమ్మ నన్ను మెచ్చుకోలేదు. చుట్ట వెలిగించుకుని, గంప నెత్తికెత్తుకోవడానికి ఓ చెయ్యి వెయ్యమని నాకు చెప్పి, నాలుగడుగులు వేశాక అంది: “సెల్లిని నాను ఎత్తుకెల్తాన్లే.”

ఆ పిక్కల కాలమంతా నెత్తిన చేపల గంప, చంకన నా చెల్లి, అలాగే కాశీబుగ్గ తిరిగింది. వినేవాళ్ళకూ విననివాళ్ళకూ ‘మా గుంట బస్సుని తిప్పింది’ అని చెప్పింది. చేపలమ్మే ఆడవాళ్ళ నోళ్ళలో పడి ఆ కథలో బస్సు ఎంత పెద్దదైందో గాని, ఆ ఏడు మా వరండాలో ఆడపిల్లల చాప ఒక్కటీ ఖాళీ కాలేదు. నాతో చదివిన ఆ ఆడపిల్లల్లో ఒకామె ఇప్పుడు పంతులమ్మ.

ఆమధ్య ఆ వైపు వెళ్ళాను. వరండాకు ఇనప తలుపు, దానికి తాళం. పిల్లల్ని పక్క ఊరి బడిలో కలిపేశారట. ఇసుక మీద సిమెంటు. నానమ్మ లేదు, నల్ల గొడుగు లేదు. కాశీబుగ్గలో బస్సులకు రేకు బోర్డులు పోయి ఎర్ర దీపాల అక్షరాలు పరుగెడుతున్నాయి, వాటిని ఎవరూ చేత్తో తిప్పక్కర్లేదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని బోర్డు పూర్తిగా చదివించాను. తర్వాత కండక్టరు దగ్గరికెళ్ళి ఈ బస్సు ఎక్కడికి అని అడిగాను. చదువుకున్నట్టున్నారు, బోర్డు చూడలేదా అన్నాడు విసుగ్గా. చూశాను బాబూ, చదవడం మా పంతులమ్మ నేర్పింది, అడగడం మా నానమ్మ నేర్పింది, నువ్వు ఊరి పేరు చెప్పు అన్నాను.