పలక మీద లేని డ్యాము

మొన్న మా మనవరాలు ఫోనులో ఆదోని కొండలను తెరిచి, వేలితో అటూ ఇటూ తిప్పి, తాతయ్యా, మీరు మట్టితో చేసినవి ఇవేనా అని అడిగితే అవునని, అందులో ఎమ్మిగనూరు దోవ ఎక్కడుందో వెతకమన్నాను.

యాభైల మొదట్లో, ఇంకా పెళ్లి కాకముందు, కాలువ సర్వేలో మ్యాపులు గీసే ఉద్యోగం మీద ఆదోని చేరాను. మాది సముద్రం పక్క ఊరు. ఆ రాళ్ల గుట్టలు, ఆ ఎండ, సగం కన్నడం కలిసిన ఆ మాట, ఏవీ నావి కావనిపించేవి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా నేల ఎత్తుపల్లాలను మైలుకు అంగుళం లెక్కన ఒక చెక్కపలక మీద నిలబెట్టమని మా అధికారి పురమాయించారు. ఎమ్మిగనూరు దోవలో ఒక రేకుల గదిలో కూర్చుని, మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల వెంట అట్టలు కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, పైన మట్టి మెత్తేవాణ్ణి. పలకరించే మనిషి లేక, ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఆ గదికి నీళ్లు తెచ్చే అక్కది దగ్గరి పల్లె. చదువు రాదు. ఒకరోజు కడవ దించి, పలక మీద రెండు గుట్టలను వేలితో తాకి, "ఇవి ఇట్ల అతుక్కోని లేవప్పా. నడుమ వంక ఉండాది. ఆడనే మేము మేకలు తోలేది" అంది. మ్యాపులో అక్కడ గీతలు అలికినట్టుంటే నేనే కలిపేశాను. ఆ వంకను చూడకుండా అడ్డంగా కాలువ గట్టు పోస్తే వాననీళ్లు ఎగదన్ని ఆమె పల్లెనే ముంచేవి. ఆదివారం ఆమె ముందు, నేను వెనక నడిచి వెళ్లి చూశాం. వంక ఉంది, ఇసుకలో మేకల అడుగులూ ఉన్నాయి. గుట్టలను విడదీశాను. అధికారి అక్కడ తూము చేర్పించి, నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. చెప్పింది ఆమె అని నేను అనలేదు. ఎందుకనలేదో రాయడానికి ఇప్పటికీ సిగ్గే.

కొన్నాళ్లకు ఆమే అడిగింది. "మా ఇంటాయన తుంగభద్ర డ్యాము పనికి పోయి రెండేండ్లాయ. ఆ డ్యాము దీంట్లో యాడుండాది?"

పలక అంతదూరం లేదు. లెక్కవేసి, ఆదోని నుంచి నాలుగు మూరలు కొలిచి, నైరుతి మూలన నేల మీద ఒక మట్టిముద్ద పెట్టాను.

"ఇంతేనా?" అంది.

ఇంతే కాదక్కా, చాలా దూరమని చెప్పాను, కానీ ఆమె కళ్లు ఆ నాలుగు మూరల మీదే ఉన్నాయి. అప్పటినుంచి రోజూ నీళ్లు పోశాక ఆ ముద్ద పక్కన కాసేపు కూర్చునేది. నేను నా పని చేసుకునేవాణ్ణి, అయినా ఆ ఊళ్లో నాకు దొరికిన తోడు అదొక్కటే.

పలకను లారీలో కర్నూలుకు పంపిన వారానికి ఆమె బదులు ఒక అవ్వ నీళ్లు తెచ్చింది. "ఆయమ్మ మొగుణ్ణి ఎతుక్కుంటా పడమరకు నడిసి పోయినాది" అంది. తర్వాత నాకు బదిలీ అయ్యేదాకా ఆ దోవన వచ్చిన ప్రతివారినీ అడిగాను. ఎవరూ చూడలేదు.

ఇప్పుడు పనికోసం ఎంత దూరం పోయినవారైనా చేరామని సాయంత్రానికల్లా ఇంటికి చెబుతారు. అప్పట్లో పోయినవారు పోయిన దిక్కు ఒకటే మిగిలేది. ఆమె గురించి అడిగినప్పుడు, పేరేమిటని ఆ దోవన పోయేవాళ్లు ఎదురడిగితే, నీళ్లు తెచ్చే అక్క అని మాత్రమే చెప్పగలిగాను. అన్ని నెలలు ఆమె తెచ్చిన నీళ్లు తాగాను గానీ, పేరు అడగనే లేదు.