బతికున్న యేసుపాదానికి నేనిచ్చిన నివాళి

నిక్షేపంలా బతికున్న మనిషిని ఊరందరి ముందు చంపి, ఫొటోకి దండ వేసి, వెనకాల వేణువు కూడా ఊదించిన ఘనత నాది. అదెలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నెల్లూరు జిల్లా కోట దగ్గర, సముద్రం పక్కన మా ఊరు. అక్కడ సరదాకి సినిమాలు తీసే క్లబ్బు ఒకటి ఉండేది. అయిదుగురు మనుషులు, ఒక పాత కెమెరా. మాకు పెద్ద దిక్కు మస్తానన్న. ఆయనది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. నేను ఎడిటర్ని. ఊరికి పనికొచ్చే చిన్న చిన్న సినిమాలు తీసి అందరికీ చూపించేవాళ్ళం. మా వీధిలో కుళాయి లేదని సినిమా తీస్తే కుళాయి వచ్చింది. అందులో నీళ్ళు రావడానికి రెండో భాగం తీయాల్సి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. ఆ విజయంతో నన్ను నేను మహా దర్శకుణ్ణి అనుకున్నాను. రెండు చేతుల వేళ్ళూ చట్రంలా పట్టుకుని, ఎదురొచ్చే గేదెల్ని కూడా అందులోంచే చూసేవాణ్ణి.

ఆ ఏడు పాత పనివాళ్ళ మీద సినిమా మొదలుపెట్టాం. అందులో ఒకరు చెక్క పడవలు కట్టే యేసుపాదం తాత. ఫైబరు పడవలొచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. భార్య పోయింది, పిల్లల్లేరు. చర్చి వెనక ఒంటిగదిలో ఉండేవాడు. మేం అడగ్గానే ఉలి బయటికి తీసి, ఒక పూటంతా ఎండలో కూర్చుని చెక్క చెక్కి చూపించాడు.

రెండు నెలల తర్వాత ఎడిటింగ్‌కి కూర్చుంటే, తాత ముఖం దగ్గరగా ఉన్న షాటు ఒకటి తక్కువైంది. తీసుకురమ్మని మస్తానన్నను పంపాను. గంటకి ఫోను. వెనక గాలి, కృష్ణపట్నం పోయే లారీల హారన్లు.

"శీనా, పెద్దాయన లేడురా!"

"అయ్యో! ఎప్పుడన్నా?"

"చానా రోజులైందంట. ఉన్నదాంతో కానిచ్చెయ్. నేను పనిమీద నెల్లూరు పోతా ఉండా. ఆదివారం హాల్లో కలుస్తా."

ఇంట్లో లేడు, తలుపుకి తాళం ఉంది అన్నది ఆయన మాటకి అర్థం. తాత అప్పుడు చిల్లకూరులో చెల్లెలింట్లో, కంటి ఆపరేషన్ చేయించుకుని హాయిగా పడుకుని ఉన్నాడు. ఇంకొక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. కళాకారుడు ప్రశ్నలడుగుతాడా? ఏడుస్తాడు! నేను ఏడ్చాను. తాత గది మా ఇంటికి రెండు వీధుల అవతలే. వెళ్ళి చూద్దామని కూడా తోచలేదు.

తాత బొమ్మ నలుపు తెలుపు చేసి దండ వేశాను. చుట్టూ దీపాలు పెట్టాను. 'కీర్తిశేషులు యేసుపాదం' అని అక్షరాలు వేసి, నా గొంతు నేనే బొంగురు చేసుకుని "సముద్రం తన శిల్పిని కోల్పోయింది" అని చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో ప్రదర్శన. కిటికీలకి రొయ్యల మేత సంచులు కట్టి చీకటి చేశాం. ఆ వాసనకే సగంమందికి కళ్ళు చెమర్చాయి. దండ వేసిన ఫొటో రాగానే హాలంతా "అయ్యో" అంది.

"ఎప్పుడు పోయినాడు అబ్బయా?"

"పోయిన నెల్లో. మట్టి చేసేటప్పుడు నేను ఆడనే ఉండా. ఒకటే వాన!"

ప్రొజెక్టరు దగ్గరున్న మస్తానన్న నా చెవి దగ్గరికి వంగాడు. "పెద్దాయన పోయినాడా? నాతో ఒక్క మాట చెప్పకపోతివే!"

"నువ్వే గదన్నా చెప్పింది?"

ప్రొజెక్టరు ఆపబోయాను. ఈలోగా పాస్టరుగారు లేచి "ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం" అన్నారు. లైట్లు వేశారు. అందరూ నిలబడి తలలు వంచారు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తోసుకుని, ఆపరేషనైన కంటికి నల్లద్దాలతో, చేతిసంచితో ఒక ముసలాయన వచ్చాడు. అందరూ నిలబడి ఉండటం చూసి తనూ తల వంచాడు. పక్కనున్న మనిషిని మెల్లగా అడిగాడు.

"ఎవురికి అబ్బయా?"

"యేసుపాదం తాతకి."

"ఏ యేసుపాదం?"

"పడవలు కట్టే యేసుపాదం."

ముసలాయన కాసేపు ఆలోచించాడు. తర్వాత హాలంతా వినిపించేలా అన్నాడు. "నలభై ఏండ్లు పడవలు కట్టినాను. ఒక్క నిమిషమేనా?"

ఇద్దరు ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. తర్వాత నవ్వులు, హాలు పైకప్పు లేచిపోయేంత. మట్టి చేసేటప్పుడు అక్కడే ఉన్న ఆసామి కనపడకుండా పోయాడు. నేనూ పోదామనుకున్నాను గానీ, మస్తానన్న నా చొక్కా పట్టుకున్నాడు.

జనం వెళ్ళిపోయాక చూస్తే తాత వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను.

"లెయ్ అబ్బయా. నీ తప్పేముండాది? రెండు నెలలు నా తలుపుకి తాళం వేలాడింది. హాల్లో ఇంతమంది ఉండారే, 'కాదే, ఆయన బతికే ఉండాడే' అని ఒక్కరన్నా అన్నారా?"

నేను లేచి ఆయన చేతిసంచి అందుకున్నాను.

"సర్లే, ఆ సినిమా నాకూ చూపించు."

ఖాళీ హాల్లో మళ్ళీ వేశాను. తెరకి దగ్గరగా కుర్చీ వేసుకుని చూశాడు. ఉలి పట్టిన తన చేతులు వచ్చినప్పుడు కాస్త ముందుకి వంగాడు.

"ఎంతమంది ఏడ్చినారు?"

"చానా మంది తాతా."

"నిజం చెప్పు."

"ఒకడు. నేనే. ఎడిటింగ్ చేసేటప్పుడు."

"ఒకడున్నాడు గదా" అన్నాడు. కుర్చీలోంచి లేస్తూ, "దీన్ని చెరిపెయ్యబాక. దాచిపెట్టు. బతికున్నోణ్ణి ఎవురూ ఇంత పొగడరు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన గదికి వెళ్ళేవాణ్ణి. మొదట సిగ్గుతో, తర్వాత టీ కోసం, ఆ తర్వాత ఆయన కోసం. పోయిన వానాకాలంలో తాత నిజంగానే వెళ్ళిపోయాడు. ఆ ఉదయం తలుపు తట్టింది నేనే.

కాబట్టి నా ఎడిటింగ్ కంప్యూటరు మీద చెయ్యి పెట్టి, ఊరందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి పేరు ముందైనా 'కీర్తిశేషులు' అని వేసేముందు స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి తలుపు తడతాను. తీస్తే టీ తాగి వస్తాను. తీయకపోతే మళ్ళీ తడతాను.