ఆర్పిన కందీలు

ఇవాళ పొద్దున్నే, కరెంటు లేక వెలిగించిన కొవ్వొత్తిని మా కోడలు ఊదేసింది. ఆ పొగ వాసనకు చేవెళ్ల దవాఖాన గుర్తొచ్చింది.

నైజాం రోజులవి. నాకు ఆరేళ్లు. అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అనేవాళ్లం. జ్వరంతో మాట పడిపోయిన అవ్వను మా ఊరు ముడిమ్యాల నుంచి ఎడ్లబండిలో తెచ్చి లోపల పడుకోబెట్టారు. బాపు తలుపు దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటున్నాడు.

నేను కూర్చున్న బెంచీకి ఎదురుగా గోడ మీద ఒక రంగుల బొమ్మ ఉంది. మేజాబల్ల మీద సగం ఒలిచిన సంత్ర పండు, కొరికి వదిలేసిన రొట్టె, ఆర్పిన కందీలు దీపం, దాని మీద సన్నటి పొగ. మనుషులెవరూ లేరు. తింటున్నవాళ్లు మధ్యలోనే లేచిపోయినట్టుంది. నాయనమ్మ పోయిన రోజు అందరూ 'ఇంటి దీపం ఆరింది' అని ఏడ్చారు. ఆ మాటే గుర్తొచ్చింది. స్టూలెక్కి బొమ్మను గోడవైపు తిప్పేశాను.

నర్సమ్మ చూసింది. "ఎందుకు తిప్పినవ్ బిడ్డా?"

"దీపం ఆరింది. మా అవ్వ సచ్చిపోతది."

ఆమె నవ్వలేదు. బొమ్మను మళ్లీ ఇటు తిప్పి, రొట్టె మీద పడిన పసుపు వెలుగును వేలితో చూపించింది. "గిది ఎండ. తెల్లారింది గద, గందుకే ఆర్పిండ్రు. పగటిపూట చమురు దండుగ."

కాసేపటికి లోపలి నుంచి అవ్వ గొంతు సన్నగా వినిపించింది. "పిల్ల ఏమన్న తిన్నదా?"

బాపు తలుపుకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

ఇవాళ కూడా ఆ వాసనకు నా తల వెలుగు కోసం కిటికీ వైపు తిరిగింది.

"ఎవరొచ్చిండ్రు అత్తమ్మా?" అని అడిగింది కోడలు.

"ఎవరూ రాలే. తెల్లారింది," అన్నాను.